కాస్నీ ఖాజావలి పథ్యం

బన్సీలాల్‌పేట్‌లో మూలికల దుకాణం నడిపే ఖాజావలి దృష్టిలో లోకంలో రోగాలు ఎన్నైనా ఉండొచ్చు గానీ, మందు మాత్రం ఒక్కటే. కాస్నీ వేరు, అంటే చికోరీ వేరు కషాయం. తలనొప్పికి కాస్నీ, కామెర్లకు కాస్నీ, నిద్ర పట్టకపోయినా కాస్నీయే. మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటే చెరో గ్లాసు. అది తాగినవాళ్లకు కాసేపటిదాకా నోరు పెగలదు కాబట్టి, ఆ వైద్యం మాత్రం ఎన్నడూ గురి తప్పలేదు.

ఆ చేదుకు జడిసి పక్కింటి కమలాబాయి అతన్ని చూడగానే తలుపేసుకునేది. అలాంటిది ఓ పూట తన కాఫీ గొప్ప చెప్పబోయి నోరు జారింది.

"మా కాఫీ పొడిల సుత కాస్నీ వేరే కలుపుతరంట గదా, ఖాజన్నా?"

"కలుపుతరు బిడ్డా, మాడగొట్టి కలుపుతరు! పచ్చి వేరు విరిస్తే తెల్లగ పాలు కారతయి. అసలు చేదంత గా పాలల్లనే ఉంటది. నాలుకకు తగలంగనే నోట్ల నీళ్లూరతయి, ఆకలి లేస్తది, కార్జం సాఫ్ అయితది. వేయిస్తే ఏమున్నది? సగం చేదు సచ్చిపాయె!" అంటూ పచ్చి వేరు కషాయం ఆమె చేతిలో పెట్టాడు. పాపం, ఆ రోజు ఆమె నోటికి కాఫీ రుచి కూడా తెలియలేదు.

బట్టల కొట్టు పర్వతాలుకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. అతనికీ కాస్నీయే. పైగా "రాత్రి బువ్వ బంద్" అని పథ్యం. పర్వతాలు ఏడవని రాత్రి లేదు.

ఇంతలో నిజాం రాజ్యం మీదికి పోలీసు యాక్షన్ వచ్చిపడింది. రైళ్లు ఆగాయి, బజారు మూతపడింది. ఎవరిని చూసి ఎవరు భయపడాలో తెలియని రోజులు. కమలాబాయి భర్త సదాశివ రైల్వే గార్డు, కాజీపేటలో చిక్కుకుపోయాడు. ఇంట్లో పిండి డబ్బా అడుగంటింది. అత్తగారు కాంతమణి మిగిలిన రొట్టె కోడలికి పెట్టి, "నాకు ఆకలైతలేదు" అని గోడవైపు తిరిగి పడుకునేది. చివరికి లేచి నిలబడే ఓపిక కూడా పోయింది.

"పక్కింట్ల జెర పిండి అడిగొస్త అత్తమ్మా."

"చెయ్యి చాపినవంటే నీ చేతి నీళ్లు సుత ముట్ట!"

పిండి అడగొద్దంది గానీ మందు అడగొద్దనలేదు కదా! కమలాబాయి దొడ్డిదారిన ఖాజావలి ఇంటికి వెళ్లింది. "అత్తమ్మకు ఆకలైతలేదంట, ఖాజన్నా" అంది. పిండి ఊసెత్తలేదు. జన్మలో మొదటిసారి ఖాజావలి కాస్నీ గుణాలు ఏకరువు పెట్టకుండా, "నువ్వు నడు, నేనొస్త" అన్నాడు. కాసేపటికి కషాయం చెంబుతో, చంకలో రెండు పెద్ద పొట్లాలతో వచ్చాడు.

"జెర తాగు, పెద్దమ్మా."

"థూ! పానం తీస్తున్నవేందిరా, ఖాజావలీ?"

"పానం పోదు, ఆకలి లేస్తది. గానీ పథ్యం తప్పొద్దు. మీదికెల్లి జొన్నరొట్టె, కందిపప్పు కడుపునిండ తినాలె. ఉత్త కడుపుల గీ చేదు పేగులు కోస్తది, పాపం నాకు తాకుతది. పథ్యం సామాను నేనే తెచ్చిన. మీ ఇంట్ల పిండి దీనికి పనికిరాదు."

"గిది ఉత్త జొన్నపిండే గదా?" అంది కమలాబాయి.

"మందు పిండి!" అని కసిరాడు ఖాజావలి.

పర్వతాలు చేత బువ్వ బంద్ చేయించినవాడు అత్తమ్మను రొట్టెలు తినమంటున్నాడేమిటి? పిండి కలుపుతూ కమలాబాయి కిటికీలోంచి చూసింది. ఖాజావలి అదే చెంబుతో, మళ్లీ రెండు పొట్లాలతో ఎదురింటి లచ్చమ్మ తలుపు తడుతున్నాడు. లోపలినుంచి "థూ!" అని వినిపించింది. చిత్రంగా ఆ వాడలో పొయ్యి వెలగని ప్రతి ఇంటికీ కాస్నీతో తప్ప కుదరని రోగమే పట్టుకుంది. కమలాబాయికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మర్నాడు ఖాజావలి వచ్చేసరికి కాంతమణి లేచి కూర్చుని ఉంది. కషాయం గటగటా తాగి మూతి తుడుచుకుంది.

"మందు మంచిగనే పనిచేస్తున్నదిరా. గానీ నీ పథ్యంల ఒకటి తక్కువైంది."

ఖాజావలి ఖాళీ చెంబు అందుకోబోయి ఆగాడు. దొరికిపోయానే అనుకున్నాడు. "ఏంది పెద్దమ్మా?"

"రొట్టెలకు ఉల్లిగడ్డ, ఎర్రకారం లేకపాయె. గవి సుత మందేనా, కాదా?"

"అసలు మందు గదే పెద్దమ్మా! నేనే మరిచిన" అంటూ ఖాజావలి ఇంటికి పరుగెత్తాడు.

కాంతమణి కోడలివైపు తిరిగింది. "ఏందే నవ్వుతున్నవ్? పొయ్యి మీద పెనం పెట్టు."