ఆలు లేదు, చూలు లేదు, నామినీ పేరు సుజాత

నా బతుకుల మస్తు తప్పులు చేసిన. కాని పిల్లనిచ్చే మామను, ఇన్సూరెన్సు ఏజెంటును ఒక్క పూటకే ఇంటికి పిలుసుకున్నోడు బాంబే కామాఠీపురా మొత్తంల నేనొక్కన్నే. ఆ సత్తెనాశనం ఎట్లయిందో చెప్త. నవ్వుకోండ్రి, నాకేం కొత్త కాదు.

ఇందాకటిసంది మా బిడ్డ స్వాతి సెల్ పట్టుకొని కూసున్నది. "పప్పా, నీ పేరు మీద ఆన్‌లైన్ల పాలసీ చూస్తున్న. కంపెనీలన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తది" అన్నది. వేలితోని గీకుతుంటే కంపెనీలు చీమల బారు లెక్క పోతున్నయి. గది చూడంగనే ఎనభైలల్ల నేను చేసిన షాపింగు యాదికొచ్చింది.

అప్పట్ల ఏడో గల్లీ చాల్‌ల మాది ఒక్క ఖోలీ, అంటే ఒకటే అర్ర. నన్ను కన్న అవ్వ, నేను. నాగ్‌పాడాల ఒక ప్రెస్సుల కాయితాలు కోసే మిషన్ మీద నా పని. బాలయ్య మేస్త్రీ బిడ్డ సుజాతతోని సంబంధం మాట్లాడుతున్నరు. మేస్త్రీ మా పాలమూరు దిక్కు మనిషే. బాంబేల సగం బిల్డింగులు తానొక్కడే లేపినట్టు మాట్లాడేటోడు. సుజాతను గణపతి హారతి కాడ చూసిన. అప్పటిసంది నా మిషన్ కింద ఒక్క కాయితం సక్కగ తెగలే.

మేస్త్రీ పెద్దల్లుడు పనికాడ పరంజ మీదికెల్లి పడి సచ్చిపోయిండు. పెద్దబిడ్డ పిల్లలనేసుకొని తల్లిగారింటికి తిరిగొచ్చింది. గందుకే మేస్త్రీ నన్ను అడిగింది ఒకటే మాట.

"రేపు నీకేమన్న అయితే నా బిడ్డ గతేంది?"

"ఆదివారం రా మామా, చూపిస్త" అన్న. మనకు తెలివి జర ఎక్కువ గదా.

ఫాక్‌లాండ్ రోడ్ మూలమీద ఇరానీ హోటల్ల ఫోనుండె. కంపెనీ ఒక్కటే అయినా ఏజెంట్లు మస్తుమంది. ఎవడు మంచిగ బేరానికొస్తడో చూద్దామని, వంకాయలు కొనేటప్పుడు నాలుగు బండ్లు తిరిగినట్టు, ముగ్గురికి ఫోను కలిపిన. మొదటాయన "ఎక్కడుంటవు" అంటే "కామాఠీపురా" అన్న. టక్కున పెట్టేసిండు. రెండో ఆయన "ఆడ నీకేం పనిరా" అని ఇకిలించిండు. మా తాతలు తట్టలు మోసి కట్టిన ఊరు సామీ ఇది. మా కామాఠీ కూలోళ్ల పేరు మీదనే గల్లీలున్నయి. గని పక్క గల్లీలల్ల ఒళ్లమ్ముకునే ఇండ్లున్నయని, ఆ పేరు చెప్తే చాలు, షహర్ మొత్తం కన్ను గీటుతది. ఆ కోపం నాకిప్పటికీ పోలే.

మూడో ఆయనకు తెలివిగ "నాగ్‌పాడా పక్కకే" అన్న. దాదర్‌ల ఉండే ప్రభాకర్ అనే తెలుగు పిలగాడు. లైన్ల గర్రుగర్రుమంటుంటే నేను గొంతు చించుకున్న.

"నేను సచ్చిపోతే ఎంతిస్తరు?"

హోటల్ల చాయ్ తాగేటోళ్లందరు కప్పులు కింద పెట్టిండ్రు.

"యాక్సిడెంటుల పోతే?"

"డబలొస్తదన్నా."

"మంచిగున్నది. గట్లనే రాసుకో."

"నామినీ ఎవరు? అంటే, మీ తర్వాత పైసలు ఎవరికియ్యాలె?"

"సుజాత" అన్న, సిగ్గుపడుకుంట.

"సరే, ఆదివారం వస్త" అన్నడు. మామ కండ్లముందట్నే పాలసీ తీస్త, మామ దిమ్మ తిరగాలె అనుకున్న. మావోళ్లు పెండ్లికి పోతు పిల్లిని సంకల పెట్టుకపోయిండంటరు. నేను ఆ పిల్లికి ఫోన్ చేసి, చాయ్ పెట్టించి మరీ పిలిపించుకున్న.

ఆదివారం మేస్త్రీ, ఆయన పెండ్లాం వచ్చి చాప మీద కూసున్నరు. ఎన్కనే ప్రభాకర్ వచ్చిండు. ఇస్త్రీ అంగీ, పక్కపాపిడి. బ్యాగుల నుంచి కాయితాలు తీసి నా దిక్కు చూసిండు.

"అన్నా, అన్నీ నిజమే చెప్పాలె. ఒక్క అబద్ధం దొరికినా రేపు మీరు పోయినంక నయాపైస రాదు. వయసు?"

మేస్త్రీకి నేను చెప్పిన వయసు వేరే ఉండె.

"ఇరవై తొమ్మిది."

"పోయిన నెల ఇరవై నాలుగుండె గదా" అన్నడు మేస్త్రీ.

"రోజులు తొందరగ పోతున్నయి మామా."

"బీడీ, సిగరెట్?" అన్నడు ప్రభాకర్.

"ఎప్పుడన్న ఒకటి" అన్న, దగ్గుకుంట.

"రోజుకు కట్టన్నర" అన్నది అవ్వ, స్టవ్ కాడికెల్లి. అబద్ధమాడితే పైసలు రావన్న మాట ఆమె చెవుల పడ్డది.

"నౌకరీ పర్మనెంటా?"

"సేఠ్ మంచిగున్నంత కాలం పర్మనెంటే."

మేస్త్రీ జరిగి ప్రభాకర్ పక్కకు పోయిండు. "సారూ, మూడు నెలలసంది నేను మొహమాటపడి అడగలేని ముచ్చట్లన్ని నువ్వు చాయ్ సల్లారకముందే అడిగినవు. ఇంక అడుగు బిడ్డా, అడుగు."

"ఫోన్ల నామినీ సుజాత అన్నరు. ఆమె మీకేమైతరన్నా?"

నేను మామ దిక్కు చూడకుండ చాప పుల్లలు ఏరుతున్న.

"నేను గూడ గదే అడుగుతున్న" అన్నడు మేస్త్రీ.

ఆయన పెండ్లాం దిగ్గున లేచింది. "పసుపుతాడు కట్టకముందే నా బిడ్డ పేరు మీద నీ సావు పైసలు రాపిస్తవా? ఒక బిడ్డను గట్ల చూస్తున్నది చాలదా?"

ఆ మాటకు నాకు నిజంగ ఏడుపొచ్చింది. మంచి చెయ్యబోయి ఆ తల్లికి పుండు మీద కారం చల్లినట్టయింది. అవ్వ నెత్తి కొట్టుకున్నది. "ఆలు లేదు, చూలు లేదు, నామినీ పేరు సుజాతంట."

ప్రభాకర్ పాపం కాయితాలు సర్దుకుంట, "గీ బీడీలకు, గీ దగ్గుకు ఆఫీసుల ఒప్పుకుంటరో లేదోనన్నా" అన్నడు.

మేస్త్రీ తువ్వాల భుజం మీదేసుకున్నడు. "చూడు అంజయ్యా, పైసలు తీసుకొని గూడ కంపెనీ నిన్ను భరించలేనంటుంది. నేను పిల్లనిచ్చి ఎట్ల భరియ్యాలె?"



పోతడనుకుంటే పోలే. ప్రభాకర్ దిక్కు తిరిగిండు.

"నువ్వు బీడీ తాగుతవా బిడ్డా?"

"లేదండి."

"నీకు పాలసీ ఉన్నదా?"

"మొట్టమొదటిది నాదే తీసుకున్ననండి."

"నామినీ ఎవరు?"

"అమ్మ. పెండ్లయితే మార్చాలె."

మేస్త్రీ మళ్ల కూసున్నడు. "అక్కా, సారుకు ఇంకో కప్పు చాయ్ పొయ్యి" అన్నడు మా అవ్వతోని. మా చక్కెర, మా పాలు, మా చాప.

ఆ ఎండకాలం సుజాత పెండ్లిల నేను బూందీ వడ్డించిన. పెండ్లి పిలగాడు ప్రభాకర్ వచ్చి, "అన్నా, మీ పాలసీ పెండింగుల ఉన్నది" అన్నడు.

ఆ రాత్రి మా గల్లీ పోచమ్మ ముందట నిలబడి కొబ్బరికాయ కొట్టి ప్రమాణం చేసిన. తల్లీ, ఇంట్ల ఆడోళ్లు, వాళ్ల తరఫోళ్లు ఇనంగ సచ్చేదాక ఇన్సూరెన్సు ముచ్చటెత్తను. ఆ తర్వాత లక్ష్మి దొరికింది. పెండ్లినాడే బీడీ బందు పెట్టిన్నని ఆమెతోని చెప్పిన. ఆమె నమ్మింది, కాపురం సాగింది.

ఇగో, ఇప్పుడు స్వాతి గీకుడు ఆపి గట్టిగ చదువుతుంది. "పప్పా, గడిచిన ఏడాదిల బీడీ గాని సిగరెట్ గాని తాగినవా? నిజమే చెప్పాలంట."

వంటింట్ల గంటె సప్పుడు ఆగింది.

"బిడ్డా, ముందుగాల మీ అమ్మను పాలప్యాకెట్టుకు పంపు" అన్న. "అడుగుడు తర్వాత."