కులుకు వెతికిన అయివారు

మా ఎదురింటి అయివారు పోయినారని నిన్న పొద్దున పాలామె చెప్పింది. నేను నమ్మలేదు. ఎవరేం చెప్పినా ముందు అనుమానించేదే నా గుణం. వాకిట్లోకి వచ్చి చూస్తే, ఎప్పుడూ గోడ వైపు తిరిగి ఉండే ఆయన కుర్చీ అరుగు మీద ఖాళీగా ఉండాది. లోపల అయివారమ్మ ఏడుపు వినబడతా ఉండాది. అప్పుడు నమ్మినాను.

ఆయన బడిలో తెలుగు చెప్పేవారు. చెవి మీద పెన్సిల్ లేకుండా ఆయన్ను చూసినోళ్ళు తిరుపతిలో లేరు. మాటల పిచ్చి. ఏ మాట యాడ పుట్టిందో తేలేదాకా అన్నం సయించేది కాదు. "నిఘంటువు మాటకు అత్తగారిల్లమ్మా. పుట్టిల్లు మనమే పోయి చూసి రావల్ల" అనేవారు.

నేను కొత్త కోడలిగా ఆ వీధికి వచ్చిన ఏడాది ఆయనకు 'కులుకు' పట్టుకునింది. పొద్దున్నే అరుగు మీద కుర్చీ వేసుకుని, వీధి కొళాయి కాడ మేము బిందెలు ఎత్తుకుని నడుస్తా ఉంటే చూసేది, రాసుకునేది, ఇదే పని. నాకు ఒళ్ళు మండింది. మొగోడు ఆడోళ్ళ నడక చూసి రాసుకునేదేంది? రెండ్రోజులు ఓర్చుకుని మూడోరోజు అడిగేసినాను.

"ఏం రాస్తా ఉండారు అయివారూ?"

"కులకడమంటే ఒయ్యారంగా కదలడమని నిఘంటువులో ఉండాదమ్మా. యాడ పుట్టిందో మాత్రం లేదు. అది చూస్తా ఉండా."

"మా నడుముల్లో పుట్టిందా సామీ?"

ఆయన మొహం ఎర్రబడింది. రాస్తా ఉండే కాగితాలు మడిచి రొండిన దోపుకుని లోపలికి పోయినారు. దాచుకునేటోడి మీద అనుమానం రెండింతలవుతుంది కదా! ఆయన చూపు మంచిది కాదని ఇంటింటికీ పోయి చెప్పినాను. వారం తిరక్కుండా ఆడోళ్ళంతా వెనక వీధి కొళాయికి మళ్ళినారు. ఆయన కాడ పద్యాలు నేర్చుకునే ఆడపిల్లలు మానేసినారు. అయివారమ్మ తల వంచుకుని నడిచేది. అది చూసి కూడా నేను తగ్గలేదు.

అంతలో గంగజాతర వచ్చింది. మా ఊర్లో ఆ జాతరకు మొగోళ్ళు చీర కట్టి వేషం వేస్తారు. ఆడోళ్ళ మీద కన్నేసిన పాలెగాణ్ణి పట్టుకునేదానికి గంగమ్మ పూటకొక వేషం వేసిందంట, అందుకని. ఆ పొద్దు వేషాలోళ్ళంతా గుడి దిక్కు పోతా ఉంటే, ఒక పొడుగు మనిషి మాత్రం బిందె పట్టుకుని మా కొళాయి కాడికి వచ్చింది. నీళ్ళు పట్టి, నిండు బిందె చంకనెత్తుకుని నడిచింది.

"సూడ్రా, ఎట్ల కులుకుతా ఉండాదో!" టీ అంగడి కాడ మొగోళ్ళు ఈలలు వేసినారు.

బురదలో కాలు జారి, నీళ్ళు ఒలికి, చీర తడిసి, ఆ వేషం నేరుగా మా గడప ముందరికి వచ్చి బిందె దించింది. చూస్తే మీసం తీసేసిన అయివారు!

"నేను కులకలేదమ్మా" అన్నారు రొప్పుతా. "బరువుకు నడుము వంగింది, అంతే. ఆ మాట పుట్టింది చూసేవాళ్ళ నోట్లో. నా నోరూ అందులో ఒకటి."

రొండిన దోపుకున్న కాగితాలు తీసి నా చేతిలో పెట్టినారు. "పొయ్యిలో పెట్టెయ్."

చదవకుండానే పెట్టినాను. అందుకే వాటిల్లో ఏం రాసినారో ఈనాటికీ తెలీదు. మంచోడనే అనుకుంటా, మళ్ళీ అనుమానం వస్తుంది, మళ్ళీ సిగ్గేస్తుంది.

ఆడోళ్ళు మెల్లగా మా కొళాయికి తిరిగొచ్చినారు. ఆయన మాత్రం జాతర మరుసటి రోజే కుర్చీని గోడ వైపు తిప్పేసినారు. ఇన్నేళ్ళూ వీధికి వీపు పెట్టే చదువుకున్నారు. నా బిడ్డకు పద్యాలు నేర్పింది కూడా ఆయనే. "ఇటు తిరిగి కూర్చోండి అయివారూ, వీధంతా చెప్పింది నేనే" అనే ఒక్క మాట నా నోట్లోనించి రాలేదు.

నిన్న ఆయన్ను తీసుకుపోయినాక, అరుగెక్కి ఆ కుర్చీని కొళాయి వైపు తిప్పినాను. అయివారమ్మ గడపలో నిలబడి చూసింది.

"ఎవరు చెప్పినారో ఆయనకు తెలుసులేమ్మా" అనింది.

సాయంత్రం నీళ్ళొచ్చినాయి. ఆడోళ్ళు నిండు బిందెలు ఎత్తుకుని, ఆ ఖాళీ కుర్చీ ముందర నడిచిపోయినారు.