అధ్యక్షుల వారి ఓటు

రాజనీతి పాఠం చెప్పే లెక్చరర్ గారికి గంట కొట్టడం వినపడదు. చెవులు భేషుగ్గా పనిచేస్తాయి, పాఠం మధ్యలో మాత్రం వాటికి సెలవు. చెవి మీద చాక్‌పీసు పెట్టుకుని, దానికోసమే జేబులన్నీ తడుముకుంటూ "ఇంకొక్క ముక్క చెప్పి వదిలేస్తాను" అంటారు. ఆ ఒక్క ముక్కకే పిల్లల భోజనం వేళ సగం ఎగిరిపోతుంది.

మొన్న ఆయన క్లాసునే శాసనసభ చేసి, తాను అధ్యక్షుడిగా కూర్చున్నారు. ముందు బెంచీ అమ్మాయి లేచి, "అధ్యక్షా! గంట కొట్టాక పాఠం చెప్పకూడదని తీర్మానం పెడుతున్నాను" అంది. ఆయన మొహం కందిపోయింది. చేతులెత్తించి లెక్కపెడితే అటు ఇరవై, ఇటు ఇరవై. ఆయన పాఠమంటే పడిచచ్చేవాళ్ళూ ఉన్నారు మరి! ఇక తేల్చాల్సింది ఆయన ఓటే.

"ఓట్లు సమానమైతే అధ్యక్షుడు ఉన్న పద్ధతినే నిలబెట్టాలి. కానీ ఇది నా సొంత గొడవాయె!" అని మొదలుపెట్టి, ఆ చిక్కంతా బోర్డు నిండా రాసి, చెరిపి, మళ్ళీ రాశారు. చివరికి తనకు వ్యతిరేకంగా తానే చెయ్యెత్తారు. చప్పట్లు మోగాయి. అప్పుడు గడియారం చూసుకున్నారు. గంట కొట్టి ఇరవై నిమిషాలైంది.

ఆయన వాలకం చూసి ఆ అమ్మాయికే జాలేసింది.

"ఫర్వాలేదు సార్, రేపట్నుంచి అమలు చేద్దాం లెండి."