ఓబులేసు చేతిలో ఉన్నది సంగటి

మీరు అబద్ధాన్ని పంచిపెట్టారు. చూసి, అయ్యో అనుకుని, చేతులు జోడించిన బొమ్మ ఒకటి తగిలించి మరీ పంచిపెట్టారు. పోయిన మంగళవారం పొద్దున ప్రొద్దుటూరులో మా ఫొటో మామ గుండె ఆగి చనిపోయాడు. ఆ సంగతి తెలిసిన గంటకే, ఆయన తీసిన వేల ఫొటోల్లో మీకు గుర్తున్న ఒకే ఒక్కదాన్ని వెతికి పట్టుకున్నారు. శనగచేల దారిలో వెల్లకిలా పడిన మనిషి, కుడిచేతి పక్కన స్టీలు డబ్బా. కింద ఎవరో అతికించిన పాత వాక్యం: ‘బాంబుతో దాడికొచ్చి బాంబుకే బలి’. దానికి నివాళి అని పేరు పెట్టారు. నా ఫోనుకు పంపినవాళ్లలో ఇద్దరు బడిపంతుళ్లు, ఒక వకీలు ఉన్నారు. చదువుకున్నవాళ్లు!

ఆ వాక్యాన్ని చెరిపేయడానికి ఆయన చచ్చేదాకా పోట్లాడాడు. పాడె లేవకముందే మీరు దాన్ని మళ్లీ అచ్చు గుద్దారు. కాబట్టి నా దగ్గర నుంచి మెత్తటి స్మృతి ఆశించకండి.

మామ నాకు రక్తసంబంధం కాదు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో ఆయన స్టూడియో. షావుకార్లకు నగల ఫొటోలు, ఊళ్లకు పెళ్లి ఫొటోలు తీసి బతికేవాడు. పత్రికకు ఫొటోలు పంపడం మాత్రం పిచ్చి. అదే పత్రికకు జమ్మలమడుగు నుంచి వార్తలు రాసేవాణ్ని నేను. ఆయన బండి వెనక కూర్చుని ఎన్ని శవాల దగ్గరికి పోయానో లెక్కలేదు.

ఆయన జేబులో ఒక చిన్న నోటుబుక్కు, పొట్టి పెన్సిలు ఎప్పుడూ ఉండేవి. ముందు మనిషితో మాట్లాడాలి, తర్వాత రాసుకోవాలి, ఆ తర్వాతే కెమెరా ఎత్తాలి. ఎవరు, ఏ ఊరు, ఏం జరిగింది, ఎవరు చెప్పారు. ఈ నాలుగూ ఫొటోతో పాటు పోవాల్సిందే. మేం ఎగతాళి చేసేవాళ్లం.

“ఫొటోగ్రాఫర్‌వా, కరణానివా మామా?”

“కరణాన్నే రా. కరణం తప్పు రాస్తే చేను పోతాది. మనం తప్పు రాస్తే మనిషే పోతాడు.”

ఒకసారి పులివెందులలో ఆసుపత్రి బయట నిలబడి ఉన్నాం. లోపల కొడవళ్లతో నరికిన ఒక మనిషి శవం. బయట అతని వాళ్లు, చొక్కాల నిండా రక్తం. వాళ్లలో ఒకడు వేటకొడవలి ఎత్తుకుని మా మీదికి వచ్చాడు. “కెమెరా పగలగొట్టండ్రా వీంది! శవాలమ్ముకుని బతికే నా కొడుకులు!” నేను అప్పటికే గోడ దాకా వెనక్కి పోయాను. మామ కెమెరా దించి నోటుబుక్కు తీశాడు.

“పగలగొడుదువులేప్పా, నేను యాడికి పోతా. ముందు లోపలుండే ఆయప్ప పేరు జెప్పు. రేపు ఎవడో ఒగడు పేపర్లో రాస్తాడు. తప్పుగా రాస్తే అది మీ యమ్మ సూడాల్నా?”

కొడవలి గాల్లోనే ఉంది. “మా యన్న” అన్నాడు వాడు.

“పేరేంది?”

చెప్పాడు.

“పిల్లోళ్లు ఎంతమంది నాయనా?”

“ఇద్దురు. ఇద్దురూ ఆడపిల్లోళ్లే” అంటూనే వాడు గోడకు జారగిలబడి, కొడవలి పక్కన పడేసి, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు. కాసేపటికి వాడే లేచి, “తీసుకోప్పా. మొగం మాత్రం వద్దు” అన్నాడు. మామ శవం ముఖం మీద బట్ట కప్పించి, కాళ్ల వైపు నుంచి ఒకటే ఒకటి తీశాడు.

తిరుగుదారిలో అదృష్టం బాగుంది మామా అన్నాను. కసిరాడు. “అదురుష్టం ఏంది రా? వాడు కొట్టేకి వచ్చినోడు గాదు, చెప్పుకునేకి వచ్చినోడు. అడిగేవోడు ల్యాక కొడవలెత్తినాడు.”

ఫొటోయే అన్నీ చెబుతుంది, మాటలెందుకు అనే పండితులున్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. ఫొటో మూగది. దాని పక్కన ఎవడు నిలబడితే వాడి గొంతుతో మాట్లాడుతుంది. మీరు నిలబడకపోతే హంతకుడు నిలబడతాడు. ఇది నేను సిద్ధాంతంగా చెప్పడం లేదు, స్వయంగా చేసిన నేరంగా చెబుతున్నాను.

రాష్ట్రం రెండైన కొత్తలో జమ్మలమడుగుకు అవతల ఒక ఊళ్లో రెండు వర్గాలు బాంబులు వేసుకున్నాయి. మేం చేరేసరికి పొగ ఇంకా చేల మీదే ఉంది. దారి మధ్య ఓబులేసు పడి ఉన్నాడు. ఎడమకాలు మోకాలి కింద లేదు. శనగ మొక్కల మీద చర్మం పేలికలు, ఒక చెప్పు. రెండు వైపుల నుంచీ రాళ్లు వస్తూనే ఉన్నాయి, అడగడానికి మనిషి లేడు. మామ ఒక ఫొటో తీసి, వంగి, చేతి పక్కనున్న క్యారియర్ మూత ఎత్తి చూశాడు. ఆ వంగినప్పుడే ఒక రాయి మెడ మీద పడింది. పరుగెత్తాం.

“సంగటి రా. రాగిసంగటి ముద్ద, నంజుకునేకి చెనిక్కాయల ఊరిమిండి. కూలికి పోతాండె పాపం” అని బండి మీద దారంతా అంటూనే ఉన్నాడు.

జమ్మలమడుగు బస్టాండులో ఆగగానే పత్రిక డెస్కు నుంచి ఫోను. పేజీ పోతోంది, ఫొటో ఎక్కడ అని. మామ నోటుబుక్కు తీశాడు. నేను ఆపాను. “ముందు ఫొటో పంపు మామా. మ్యాటర్ తర్వాత నేను పంపిస్తా.” మా వృత్తిలో రోజూ అనే మాటే. ఆయన జీవితంలో నాలుగు లైన్లు లేకుండా పోయిన ఫొటో అదొక్కటే. నేను ఇంకో ఇద్దరితో మాట్లాడి వార్త పంపేలోపు, డెస్కులో కూర్చున్నవాడు స్టీలు డబ్బా చూశాడు. మా వైపు నాటుబాంబులు మోసేదీ అట్లాంటి డబ్బాల్లోనే కాబట్టి, శవం పక్కన స్టీలు డబ్బా కనబడితే ఎవడికీ అన్నం గుర్తురాదు. బాంబే గుర్తొస్తుంది. అది మేమే చేయగల తప్పు. ఆ పూటే, మీరు పంచిన ఆ వాక్యంతోనే, బాంబులోడై అచ్చయ్యాడు ఓబులేసు.

మరుసటి రోజు అతని భార్య రామలక్షుమ్మ పేపరు పట్టుకుని స్టూడియోకు వచ్చింది.

“ఈ ఫొటో తీసింది నువ్వేనా? పొద్దున్నే సంగటి గెలికి, కట్టిచ్చి, కూలికి పంపిస్తిని. ఆయప్పను బాంబులోణ్ని జేస్తివి గదరా! నా చేతి సంగటి బాంబంట్రా నీకు?”

చెప్పు తీసి కొట్టింది. ముఖం మీద, మెడ మీద, రాయి తగిలిన చోటే. అక్కడున్నవాళ్లు పట్టుకోబోతే మామ వద్దన్నాడు. “కొట్టనీ. ఆయమ్మ మాటకు పేపర్లో చోటు ల్యా. ఈడన్నా ఉండనీ.” ఆ తర్వాత నాకు ఫోన్ చేశాడు. “ఏమప్పా, ఈడ చెప్పుదెబ్బలు పడతాండాయి. సగం నీయి. వచ్చి తీసుకుంటావా?”

పనుందన్నాను. పోలేదు.

పత్రిక మూడో రోజు లోపలి పేజీలో, అడుగున, రెండు లైన్ల సవరణ వేసింది. భూతద్దం ఉన్నవాళ్లు చదువుకున్నారు. మామ ఆ ఫొటోను నిలువెత్తు చేయించి, స్టూడియో బయట గోడకు తగిలించి, పక్కన తన చేత్తో రాశాడు.

‘ఇతని పేరు ఓబులేసు. శనగ పీకే కూలి. పక్కనున్న క్యారియర్‌లో ఉన్నది సంగటి. బాంబు వేసినవాళ్లు ఈ ఫొటోలో లేరు.’

వారం తిరక్కుండా నలుగురు వచ్చారు. అద్దాలు పగలగొట్టారు, గోడ మీద ఫొటోను నిలువునా చీల్చారు. మామ కుడిచేతిని గడప మీద అదిమిపెట్టి ఇనుప కడ్డీతో మూడు వేళ్లు విరగ్గొట్టారు. ఏ వర్గం వాళ్లని నన్నడక్కండి. ఆ నాలుగో వాక్యం రెండు వర్గాలకూ గుచ్చుకుంది.

ఆసుపత్రిలో నన్ను చూసి నవ్వాడాయన. “ఇన్నేండ్లు ఫొటోలు తీసినా ఒక్కడూ చెయ్యి ఇరగ్గొట్టల్యా. నాలుగు లైన్లు రాస్తే ఇరగ్గొట్నారు. దేనికి బలముండాదో ఇంగ నువ్వే జెప్పు.”

కట్టు విప్పాక ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. అక్షరాలు కుంటేవి, పని కుంటలేదు. గండికోటలో పెళ్లికి ముందు ఫొటోలు తీసే కుర్రకారు పెద్ద పెద్ద కెమెరాలతో సలహాకు వస్తే, లెన్సుల సంగతి ఎత్తనిచ్చేవాడు కాదు. “ఆ పిల్లకు ఆ కొండకొసన నిలబడేకి ఇష్టమేనా అని అడిగినారా? మాట్లాడేది రాకుంటే దుకానం మూసేయండి.” ముద్దనూరులో ఒక పెళ్లిలో, ముత్తయిదువలు పెళ్లికూతురి తల్లిని, ఆమె విధవ అని గుంపు ఫొటో నుంచి పక్కకు జరిపారు. మామ కెమెరా మూసేశాడు. “ఆయమ్మ మధ్యలో ల్యాకుంటే లైటింగు కుదరదు తల్లీ. నా మిషన్ అట్లాంటిది.” లైటింగు పేరు చెప్పేసరికి ముత్తయిదువలే జరిగి చోటిచ్చారు. ఆ తల్లి మధ్యలోనే కూర్చుంది. నేను రాసిన వ్యాసాలన్నీ కలిసి చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది.

ఇప్పుడు మీరు చూడని సంగతి చెబుతాను. ఆయన పోయిన రోజు మధ్యాహ్నం, స్టూడియో సందు మొదట్లో ఒక నాయకుడి మనుషులు సంతాపం ఫ్లెక్సీ కట్టారు. దాని మీదా అదే ఫొటో, అదే వాక్యం. జమ్మలమడుగు బస్సు దిగి వచ్చిన రామలక్షుమ్మ దాని కింద నిలబడిపోయింది.

“ఏం రాసినార్రా అబ్బీ?” అని నన్నడిగింది. చదివాను.

“మళ్లా అదేనా?”

ఆమె ఎగిరి అంచు పట్టుకుని లాగింది. రాకపోతే పళ్లతో కొరికి చింపింది. ఒకడు జుట్టు పట్టి ఈడ్చి రాళ్ల మీదికి తోశాడు. నొసలు పగిలి రక్తం కళ్లలోకి దిగింది. అట్లా కూర్చునే అరిచింది. “నా మొగున్ని ఎన్నితూర్లు సంపుతార్రా? చెప్పేకి ఈయప్ప ఒగడుండె, ఈయప్పా పాయె. ఇంగ ఎవురు చెప్తారు?”

చుట్టూ మామ శవాన్ని ఫొటో తీయడానికి వచ్చిన ఫొటోగ్రాఫర్లున్నారు. సగంమంది ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. అందరూ ఒక్కసారి కెమెరాలెత్తారు. ఒక్కడూ ఆమె పేరడగలేదు. సాయంత్రానికి ఆ వీడియో మీ ఫోన్లలోకి వచ్చింది, ‘అంత్యక్రియల్లో మహిళ వీరంగం’ అని. దాన్ని కూడా పంచిపెట్టారు.

ఏడుపు చాలు. ఇవి నా డిమాండ్లు.

ఒకటి. ఆ పాత ఫొటోను ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ, మామ గోడ మీద రాసిన నాలుగు వాక్యాలు ఈ రోజే పంపండి.

రెండు. పత్రిక ఆ ఫొటోను మొదట వేసినంత సైజులో, మొదట వేసిన పేజీలో, నిజం రాసి మళ్లీ వేయాలి. అందులో నా తప్పును నా పేరుతో రాయాలి.

మూడు. ఫ్లెక్సీ కట్టినవాళ్లు, ఆమెను ఈడ్చినవాడు, ఆమె ఊళ్లో నలుగురి ముందు క్షమాపణ చెప్పాలి.

నాలుగు. ‘వీరంగం’ వీడియో తీసేయాలి.

ఐదు. డబ్బు తీసుకుని ఫొటోగ్రఫీ నేర్పేవాళ్లు కెమెరాతో పాటు అడగడం, వినడం, రాయడం నేర్పాలి. చేతకాకపోతే బోర్డు దించేయాలి.

ఆరు. ఆ రోజు కెమెరాలెత్తిన ప్రతి ఫొటోగ్రాఫరూ రామలక్షుమ్మ ఇంటికి పోవాలి. కెమెరా సంచిలోనే ఉంచి, కింద కూర్చుని, ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాసుకోవాలి. రాసింది ఆమెకు చదివి వినిపించాలి. ఆమె సరే అంటేనే ఫొటో.