జౌకు గట్టు తెగ్గొట్టిన చేయి

పెనుకొండ అవతల అడవిలో, కొండ నెత్తిన ఒక జౌకు నేల ఉండేది. చుట్టూ రాళ్లు, నడుమ మోకాలి లోతు నీళ్లు, జమ్ము. మా అవ్వ కాలంలో ఆ జమ్ము కోసుకొచ్చి చాపలు అల్లేవారు. తర్వాత ఎండాకాలం వస్తే చిలమత్తూరు వైపు నుంచి గొర్రెల మందలు ఎక్కేవి. ఏ కాపరీ గొర్రెను జౌకులోకి దిగనిచ్చేవాడు కాదు. అంచు వెంబడి ముళ్లకంప వేసి, నీళ్లు కడవతో తోడి రాతితొట్టిలో పోసేవారు. అడుగు బురద దేన్నైనా మింగుతుందని అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

నా వేరుశనగ చేను కొండ కింద. వాన లేక, కాయ ఊరే సమయానికి చేను వాడిపోతుంటే, ఇద్దరు కూలీలతో పైకెక్కాను. పల్లం వైపు ఉన్న బంకమట్టి గట్టే ఆ నీళ్లను ఆపుతోంది. దాన్ని పారతో తెగ్గొడుతుంటే, ఆ ఏడు కరువుకు ఎండాకాలం కంటే ముందే మందతో ఎక్కొచ్చిన ముసలి కాపరి ఒకాయన అడ్డం నిలబడ్డాడు.

"ఏమప్పా, నీ చేనొక్కటే ఎండిపోతాండాదా? నా జీవాలు యాడ తాగల్ల?"

"మీ ఊర్లో తాపుకో పో."

"మా ఊర్లో నీళ్లుంటే నీ మొగం చూసేకి ఇంత దూరం వస్తానా?"

కూలీలు నవ్వారు. ఆ నవ్వుకే నా ఒళ్లు మండింది. పార తిరగేసి కామతో కొట్టాను. రెండో దెబ్బకు ఆయన ముంజేయి విరిగిన చప్పుడు వినబడింది. అయినా మూడోది కొట్టాను.

ఆ ఏడు పంట చేతికొచ్చింది. మరుసటి ఎండాకాలానికి జౌకు పైన పెచ్చులు కట్టింది, అడుగు బురద మాత్రం ఆరలేదు. తొట్టిలో పోయడానికి నీళ్లు లేవు. దాహానికి గొర్రెలు కంప తొక్కుకుని, నడుమ మిగిలిన చెమ్మ కోసం దిగాయి. కబురు విని నేను వెళ్లేసరికి పన్నెండు గొర్రెలు కడుపు దాకా కూరుకుపోయి ఉన్నాయి. బతికున్నవాటి కళ్లనే కాకులు పొడుస్తున్నాయి. వంకరగా అతుక్కున్న చేత్తో ముసలాయన ఒకదాన్ని చెవి పట్టి లాగుతున్నాడు.

"నన్ను కొట్టిన చెయ్యి అదే గదప్పా," అన్నాడు. "దాంతోనే లాగు."

లాగాను. రెండు బయటికొచ్చాయి. మూడోదాని కాలు నా చేతిలోనే విరిగింది.

"చాలు. కొడవలి ఎత్తుకో," అన్నాడు.

మిగిలినవాటి గొంతులు నేనే కోశాను. ఆయన ఒక్కోదాని తల పట్టుకుని నిమిరాడు. నెత్తురు పెచ్చుల సందుల్లోకి ఇంకిపోయింది. మిగిలిన మందను అమ్మేసి ఆయన బెంగళూరుకు కూలికి పోయాడు.

గట్టు మూడుసార్లు కట్టాను. వానకు నిండిన నీళ్లు వారానికే కారిపోతాయి. జమ్ము మళ్లీ మొలవలేదు. ఇప్పుడు ఎండాకాలమంతా కింద నేను తర్వాత వేయించిన బోరు నుంచి కడవలు మోసి ఆ రాతితొట్టి నింపుతున్నాను. మందలు ఇంకా రావడం లేదు.