వంకాయ రంగు చీర కేసు

ధర్మవరంలో మా అంగడి చిన్నది. ఇంటి కింది గదే అంగడి. నేల మీద పరుపు, పరుపు మీద ఉతికిన తెల్ల దుప్పటి, గోడల పొడుగునా అద్దాల బీరువాలు. ఆ పరుపు మీద మా అత్త కూర్చునేది. నేను కోడలిగా వచ్చి పన్నెండేళ్లయినా నా చోటు మాత్రం గుమ్మం పక్కన కంప్యూటరు ముందే. మా ఆయన మగ్గాల వాళ్ల దగ్గర తిరిగి చీరలు తెచ్చేవాడు, ఆమె అమ్మేది, నేను బిల్లు కొట్టేదాన్ని.

మా అత్త దృష్టిలో అమ్మడమంటే పరచడం. ఒక చీర అడిగితే ఇరవై తీసేది. కొంగు విప్పి చూపించేది, అంచు తిప్పి చూపించేది, వచ్చినవాళ్ల భుజం మీద వేసి తానే మురిసిపోయేది. కొన్నా కొనకపోయినా మజ్జిగ ఇచ్చేది. వెళ్లేటప్పుడు బొట్టు పెట్టి పంపేది, ముస్లిం ఆడవాళ్లయితే మూరెడు మల్లెపూలు చేతిలో పెట్టేది. గంటసేపు కూర్చుని, ఏమీ కొనకుండా, మజ్జిగలో ఉప్పు తక్కువైందని చెప్పి పోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒక సోమవారం పదకొండు గంటలప్పుడు ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. నల్లమాడ నుంచి వచ్చామన్నారు, చెల్లెలి పెళ్లన్నారు. వాళ్లలో పెద్దామెకూ మా అత్తకూ ఐదు నిమిషాల్లో స్నేహం కుదిరింది. శెనక్కాయ పంట గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటూ ముప్పై చీరలు కుప్ప పోశారు. చివరికి పెళ్లికూతుర్ని వెంటబెట్టుకుని గురువారం వస్తామన్నారు. మా అత్త ముగ్గురికీ బొట్టు పెట్టింది. వాళ్లు లేచారు. లేచినవాళ్లను చేయిపట్టి మళ్లీ కూర్చోబెట్టి, ఎండలో పోతారు ఇంకో గ్లాసు తాగండి అని, మజ్జిగ తేవడానికి తానే లోపలికి వెళ్లింది. నాకు మరోసారి ఒళ్లు మండి, కంప్యూటరులోకి తల దూర్చాను.

మధ్యాహ్నం చీరలు మడతపెడుతుంటే ఒకటి తక్కువ వచ్చింది. వంకాయ రంగు చీర, పెద్దంచు, కొంగు నిండా జరీ. మూడుసార్లు లెక్కపెట్టాను. పరుపు ఎత్తి చూశాను. మా అత్త మాత్రం వెతకలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, "పోయింటాదిలే," అంది.

ఆ మాటకు నా నోరు ఊరుకోలేదు. ఆమెకు కళ్లు కనపడటం లేదని, కళ్లెదుట నుంచి చీర లాక్కుపోయినా తెలియడం లేదని మా ఆయనతో చెప్పాను. ఆమెకు వినపడేంత గట్టిగానే చెప్పాను. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అదే నాకు రుజువయింది.

స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాము. రాసుకునే కానిస్టేబుల్ చీర రంగేమిటని అడిగాడు. పడుగు వంకాయ, పేక నెమలికంఠం అని చెప్పింది మా అత్త.

"అంటే రెండు చీరలు పోయినాయా అవ్వా?" అన్నాడు అతను.

ఒకటే చీర, ఈ పక్క నుంచి చూస్తే వంకాయ, ఆ పక్క నుంచి చూస్తే నెమలికంఠం అని ఆమె తన కొంగునే అటూ ఇటూ తిప్పి చూపించింది. అతను పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి, వెలుగును బట్టి రంగు మారును, అని రాసుకున్నాడు. హిందూపురంలోనూ పెనుకొండలోనూ ఇట్లాగే చీరలు పోయాయట. అంగళ్లవాళ్లు పరువు పోతుందని రాసివ్వడం లేదట, రాసివ్వకపోతే తాము ఎవరిని పట్టుకోవాలని మా మీద విసుక్కున్నాడు. అంగళ్లలో ఇంతమంది ఉండి చూడలేనిది, బస్టాండులో నిలబడ్డ ఇద్దరు కానిస్టేబుళ్లు చూడాలా అని కూడా అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. మా అత్త వైపు తిరిగి చూశాను.

ఇక నా రాజ్యం మొదలయింది. ఆమెను హిందూపురం కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. దూరపు చూపు బ్రహ్మాండంగా ఉంది, చదవడానికి మాత్రం అద్దాలు వాడితే చాలు అన్నాడాయన. డాక్టరుకే ఏమీ తెలియదనుకుని, రోజంతా పెట్టుకునే అద్దాలు చేయించాను. ఆమె వాటిని ముక్కు చివర పెట్టుకుని, పైనుంచి చూసేది.

పరుపు మీద నేను కూర్చున్నాను. ఆమెకు లోపలి తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేశాను. కెమెరాలు పెట్టించాను. ఒకసారికి మూడు చీరలే చూపబడును, సంచులు బయట ఉంచవలెను అని అట్ట మీద రాసి తగిలించాను. తనకల్లు నుంచి వచ్చిన ఒకామె ఆ అట్ట చదివి, మేము చీరలు కొననీకి వచ్చినామా, రేషన్‌కు వచ్చినామా అని వెనక్కు తిరిగి పోయింది. మజ్జిగ మానేశాను. బొట్టు పెట్టడానికి తీరిక లేకపోయింది. కెమెరాలో ఏముందో చూద్దామని ఒకరోజు వెనక్కు తిప్పితే, నేను గోడకు ఆనుకుని నిద్రపోవడం, లేచి శెనక్కాయ ఉండలు తినడం, మళ్లీ నిద్రపోవడం కనిపించాయి. మా ఆయనకు తెలియకముందే తుడిచేశాను.

ఇంత జరుగుతున్నా ఆ కుర్చీలో నుంచి ఆమె ఏమీ అనేది కాదు. ముప్పై ఏళ్లు కూర్చున్న చోటు నేను లాక్కున్నానని నాకు తెలుసు. తెలిసినా, తప్పు ఆమెదే కదా అని సర్దిచెప్పుకునేదాన్ని.

రెండు నెలలకు పెనుకొండ స్టేషను నుంచి పిలుపు వచ్చింది. ఆ ఆడవాళ్లు దొరికారట, వచ్చి చీర గుర్తుపట్టమన్నారు. నేనూ అత్తా బస్సులో వెళ్లాము. ఒక గదిలో బల్ల మీద తొమ్మిది పట్టుచీరలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. మాది తలుపులో నుంచే గుర్తుపట్టింది మా అత్త. గుర్తుపట్టగానే సంతోషిస్తుందనుకుంటే ఆమెకు కోపం వచ్చింది.

"ఎవరబ్బా ఇట్ల మడిచింది? పట్టు ఇట్లనే పెట్టినారంటే మడత కాడ చీలిపోతాది," అంది.

ఇది కోర్టుకు పంపాల్సిన సొత్తు, ముట్టుకోకూడదన్నారు. కోర్టు చీరెలు కట్టుకుంటాదా, కట్టుకునేవాళ్లకే కదా ఇస్తాది అని ఆమె వాదించింది. ఎస్సై నవ్వి, మహిళా కానిస్టేబుల్‌ను పక్కన ఉంచుకుని మడతలు మార్చుకోమన్నాడు. పదినిమిషాల తర్వాత ఆయన తిరిగి వచ్చేసరికి నేల మీద దుప్పటి పరిచి ఉంది. మా చీర ఒక్కటే కాదు, హిందూపురం వాళ్లవీ పెనుకొండ వాళ్లవీ కూడా విప్పి ఉన్నాయి. ఒక కొస కానిస్టేబుల్ పట్టుకుంది, ఇంకో కొస మా అత్త పట్టుకుంది. ఈ చీర ధర ఎంత ఉంటుందమ్మా అని రైటరు అడుగుతున్నాడు. ఆమె అద్దాలు తీసి బల్ల మీద పెట్టేసింది. రెండు నెలల తర్వాత ఆమె ముఖంలో అంత కళ చూడటం నాకు అదే మొదలు.

వరండాలో బల్ల మీద ఆ ముగ్గురూ కూర్చుని ఉన్నారు. మజ్జిగ తాగిన పెద్దామె మమ్మల్ని చూసి తల దించుకుంది. తీసేటప్పుడు ఎవరైనా కళ్లారా చూశారా అని ఎస్సై అడిగాడు. మా అత్తకు చూపు ఆనదు సార్, చూడలేదు అని నేనే జవాబు చెప్పాను.

మా అత్త చీర కొసను గడ్డం కింద అదిమిపట్టి మడత తిప్పుతోంది. ఆ మడత పూర్తి చేసి, అప్పుడు చెప్పింది.

"చూసినా సార్. లేస్తా లేస్తా ఆ పెద్దామె కుచ్చిళ్లలోకి తోసుకునింది."

మరి ఎందుకు పట్టుకోలేదని ఎస్సై అడిగాడు.

"అప్పటికే బొట్టు పెట్టింటి సార్. బొట్టు పెట్టిన చేత్తో నడుము తడిమేదెట్లా? ఇంగో గలాసు మజ్జిగ ఇస్తానని లోపలికి పోయినా. నేను లేనప్పుడు తీసి పెట్టేస్తాదేమో అని శానాసేపు ఆడనే నిలబడినా."

వరండాలో పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఎటు చూడాలో తెలియలేదు. నేను ఎన్ని మాటలు అన్నానో, ఎన్నిసార్లు ఆమె ఎదుటే గుడ్డిదాన్ని చేసి మాట్లాడానో అన్నీ వరసగా గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

చీర కోర్టుకు పోయింది, మేము ఇంటికి బయలుదేరాము. బస్సులో అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

"చూపు లేదంటే జాలిపడతారు మే. చూసి ఊరుకున్నాదంటే నవ్వుతారు," అంది కిటికీలో నుంచి బయటికి చూస్తూ.

మర్నాడు పొద్దున్నే అట్ట చించేశాను. దుప్పటి ఉతికినది పరిచాను. కుర్చీ తీసి మిద్దె మీద పడేసి, వచ్చి నీ చోట కూర్చో అత్తా అన్నాను. క్షమించమని కూడా అన్నాను. అంత సూటిగా ఆమెతో నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"నాకొద్దు మే. యాభై మంది వచ్చినా ముందు మొగమే చూస్తాంటి. ఇప్పుడు ఎవురొచ్చినా ఫస్టు చేతులే చూస్తాండా. అట్ల చూసుకుంటా నేను అమ్మలేను."

నాకు ఏడుపొచ్చింది. ఆ ముగ్గురూ ఎత్తుకుపోయింది చీర ఒక్కటే అనుకున్నాను నేను.

చేతులు నేను చూసుకుంటాను, నువ్వు మొహాలు చూడు అన్నాను. ఆమె వచ్చి కూర్చుంది. అప్పటి నుంచి ఆమె చీరలు పరుస్తుంది, నవ్వుతుంది, బొట్టు పెడుతుంది. నేను ఆమె పక్కనే మడతలు పెడుతూ, వచ్చినవాళ్ల వేళ్లు చూస్తూ ఉంటాను. మా చీరలేవీ మళ్లీ పోలేదు. మొన్న బజారులో ఎవరో ఒకామె బాగున్నావా అని ఆప్యాయంగా పలకరించింది. ఎంత చూసినా ముఖం గుర్తురాలేదు. ఆమె సంచీ ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకుంటే, మా అంగట్లో చీర కొన్నామేనని గాజులు చూసి గుర్తుపట్టాను.