చెక్క మీద రెండు అంకెలు

భార్య అన్నతో కలిసి ఒకే షెడ్డులో పనిచేసే ఆ వడ్రంగికి, బావ తలుపు రెక్కని ఒక్కడే భుజానికెత్తుకుంటుంటే ఒళ్లు మండేది. అరవై దాటినా ఒత్తయిన గడ్డం, కంచు గొంతు. ఇంటికెళితే భార్య, "మా అన్నయ్యని చూడండి, ఏం ఓపికో!" అని పుండు మీద కారం చల్లేది.

ప్రోస్టేట్ పరీక్షకని ఇద్దరూ రక్తమిస్తే మగ హార్మోను కూడా కొలిచారు. ఏ కొలతయినా చెక్క మీద పెన్సిలుతో రాసుకోవడం అతని అలవాటు. రెండు అంకెలూ రాసుకున్నాడు. బావదే పెద్దది. ఇందులోనూ ఆయనే!

"అది ఎక్కువుంటే క్యాన్సర్ ముప్పట బావా," అన్నాడు చల్లగా. బావ చేతిలో చిత్రిక ఆగిపోయింది.

మర్నాడు రిపోర్టులు పట్టుకుని డాక్టరు దగ్గరికి అతనొక్కడే వెళ్లాడు.

"మరీ తక్కువున్నవాళ్లకి ముప్పు కాస్త తక్కువంటారు. మామూలు హద్దులో కొంచెం ఎక్కువున్నంత మాత్రాన పెరగదు. మీ ఇద్దరివీ బాగానే ఉన్నాయి," అంది డాక్టరమ్మ.

తిరిగొచ్చేసరికి బావ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది. తలుపు రెక్క నిన్న దించినచోటే ఉంది. ఈయన్ని ఒక్క పూట ఇలాగే భయపడనిస్తే ఏం పోతుందనుకుంటూ, అతను నిదానంగా చెప్పులు విప్పాడు.

"ముందు నీ సంగతి చెప్పు బావా. నీకేం లేదుగా?" అన్నాడు బావ.

అతను చెప్పుల్ని పక్కకి తన్నాడు. ఈ మంచి బుద్ధి కూడా ఈయనకే ఉండాలా!

"ఇద్దరికీ ఏం లేదు. నేనన్నదే తప్పట," అంటూ అంకెలున్న చెక్కని తీసి చిత్రిక పట్టసాగాడు.

బావ పెద్దగా నవ్వి, తలుపు రెక్కని ఒక్కడే భుజానికెత్తుకున్నాడు. అతనికి మళ్లీ ఒళ్లు మండింది.